కందుల సంచి

ఒంగోలు సుభానీ అద్దె లెన్సుని
బస్సు పార్శిల్లో పంపనన్నాడు.
"పసిబిడ్డని పంపినట్టే గదన్నా, నువ్వే వచ్చి ఎత్తుకుపో."
రోజుకి పదిహేను వందలు, ఆధార్ జిరాక్సు,
గీత పడితే లెన్సు నీదే.

నేను మార్కాపురంలో పెళ్లిళ్లు తీస్తాను.
నా దగ్గరున్న అద్దాలన్నీ మనుషులకి మరిగినవి.
తలంబ్రాలు ఎంత ఎత్తుకి లేస్తాయో వాటికి తెలుసు,
అప్పగింతల్లో ముందు ఎవరి గడ్డం వణుకుతుందో తెలుసు.
"ఇటు చూడండి" అంటే చూడని ఒళ్లు
ఆకుల అవతల కదిలితే
ఏం చెయ్యాలో తెలియదు.

తుమ్మలబైలు జీపు ఆదివారం.
శుక్రవారం రాత్రి పలక తీశాను,
ఫ్యాక్టరీ మూతపడ్డ నెలలో
జీతం కింద మా నాయనకిచ్చిన కట్టలోది.
బలపం అరిగేదాకా రాశాను.

ఆరు వందల మిల్లీమీటర్లది దూరాన్ని ఈడ్చుకొస్తుంది,
వెలుతురు దగ్గర మాత్రం పిసినారి.
తెల్లారుజామున చెట్ల కింద
చీకటినే పెద్దది చేసి చూపిస్తుందని
అద్దెకిచ్చే సుభానీయే చెప్పాడు.
రెండు వందలది నా సొంతం,
వెలుగుని దోసిళ్లతో తాగుతుంది.
దాంట్లో పులి చీమంత.
రాసి, తుడిచి, మళ్లీ రాసి.
తడిగుడ్డ ఆరేలోపు
పలక మొహం ఏమీ ఎరగనట్టు నల్లగా.

ఫ్లాష్ వద్దు.
"కళ్లు మూశావు, ఇంకోటి తీస్తా" అనడానికి
అక్కడ పెళ్లికొడుకు లేడు.
ట్రైపాడ్ వద్దు, జీపులో మన కాళ్లకే చోటు లేదు.
కార్డు ఒకటే ఖాళీ.
రెండోదాంట్లో కొనకనమిట్ల పెళ్లి,
ఏడు వేలు బాకీ పెట్టిన మామగారు
పట్టు పంచెలో నవ్వుతున్నాడు.
చెరపబోయి ఆగాను.
పులి వస్తుందో రాదో,
ఈయన ఎప్పటికైనా ఇస్తాడేమో.

పాత జీన్సు కాలు కోసి
మాలకొండమ్మ ఒక మూతి కుట్టింది.
ఇసుక పొయ్యమన్నాను, లెన్సు ఆనించుకోడానికి.
"ఇసుక ఏంది, వచ్చాక పారబొయ్యడానికా?
కందులు పోస్తా."
మూడు కిలోలు. రెండో మూతి కుట్టి
దిండులా ఒక దెబ్బ వేసి,
నా భుజం వైపు అనుమానంగా చూసింది.

జీపులో ముందు సీటు మండ్లి గురవన్నది.
మెడలో దుర్భిణి లేదు, జేబులో బీడీ కట్ట.
మోదుగుపూలు రాలిన మలుపు దగ్గర చెయ్యెత్తాడు.
ఇంజను ఆగింది.
ఎక్కడో కొండముచ్చు ముసలాడిలా దగ్గింది.
మా నాయన రాతి మీద ఉలి పెట్టి తట్టి
పొర ఎక్కడ విడుతుందో చెవితో చూసేవాడు,
అట్లా కూచున్నాడు గురవన్న.

కందుల మీద లెన్సు సర్దాను.
భుజం బిగించాను. ఊపిరి సగంలో ఆపాను.
దూరంగా పొదలు, పొదల వెనక పొదలు.

"కిందికి చూడన్నా."

చక్రం పక్కనే, మెత్తటి మట్టిలో ఒక పాదం.
అంచులు ఇంకా రాలలేదు.
మడమ గుంటలో ఒక చీమ
దారి తప్పి తిరుగుతోంది.
లెన్సు గరగరమంటూ ముందుకీ వెనక్కీ తడుముకుంది,
తొమ్మిదడుగుల లోపల దానికి లోకం లేదు.
రెండు వందలది బరువని మానుకున్నాను.
యాభై మిల్లీమీటర్లది, అరచేతిలో పట్టేది,
పలక మీద మొట్టమొదట తుడిచింది దాన్నే.

"మనకంటే ముందు లేచింది" అన్నాడు గురవన్న.
బీడీ తీసి, వాసన చూసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

"పడిందా?" అన్నాడు సోమవారం సుభానీ.
"దుమ్ము పడింది, తుడిచా."
ట్యూబులైటుకి ఎదురుగా లెన్సు తిప్పి తిప్పి చూసి
ఆధార్ జిరాక్సు తిరిగిచ్చాడు.

రాత్రి కంది గుగ్గిళ్లు,
ఎండుమిరపకాయ, కరివేపాకు పోపుతో.
నాలుగో పిడికిట్లో పళ్ల కింద
కరుక్కుమంది.
"రెండుసార్లు కడిగానే, ఉమ్మెయ్" అంది మాలకొండమ్మ.
నాలుక మీద అటూ ఇటూ దొర్లించాను.
చిన్నది. ఒక పక్క నునుపు, ఒక పక్క గరుకు.
కాసేపు అట్లాగే ఉంచుకున్నాను.